పద్మిని చేతిరాత

ఆఫీసు నోటీసు బోర్డు మీద కొత్త జీతాల జాబితా అంటించిన రోజున పద్మిని జ్వరంతో ఇంట్లో పడుకుని ఉంది. ఆ కబురు యర్రమ్మ ఫోనులో చెప్పింది. "నీ పేరొచ్చినాదే పద్దూ. మాయి రాలేదు," అని ఇంకేమీ మాట్లాడకుండా పెట్టేసింది. లైను కట్టయిందేమో అనుకుని పద్మిని తిరిగి చేసింది. అటునుంచి ఎవరూ ఎత్తలేదు.

ఆ ద్వీపంలో ప్రోతరాపూర్ దాటాక, రోడ్డుకి ఎగువన గట్టు మీద ఉన్న పంపుహౌసులో వాళ్ళు నలుగురు. జోగులు అందరికన్నా పాతవాడు, ఇరవయ్యారేళ్ళ సర్వీసు. రాత్రి షిఫ్టు తనే అడిగి తీసుకునేవాడు, పగలు ఇంటిపట్టున వల పనో పెరటి పనో చూసుకోవచ్చని. పొద్దుటి షిఫ్టు పద్మినిది. మధ్యాహ్నం రెండు నుంచి యర్రమ్మ. ఎవరు సెలవు పెట్టినా వాళ్ళ బదులు నిలబడేవాడు పైడిబాబు. పనిలో మాత్రం తేడా లేదు. మోటారు వేయడం, ఆపడం, మీటరు చూడడం, వంతుల ప్రకారం ఒక్కో కాలనీకి వాల్వు తిప్పి నీళ్ళు వదలడం. నీళ్ళకి కటకటలాడే ఆ ఊళ్ళో అరగంట అటూ ఇటూ అయినా జనం గట్టెక్కి వచ్చి నిలదీసేవారు. వచ్చినప్పుడు ఎవరు డ్యూటీలో ఉంటే వాళ్ళే మాటలు పడేవారు.

నలుగురూ డైలీ మజ్దూర్లే, రోజుకూలీ మనుషులు. ఇదే పని చేసే పర్మినెంటు వాళ్ళకి వచ్చే జీతంలో సగం కూడా వీళ్ళకి వచ్చేది కాదు. ఎన్నో ఏళ్ళు సంఘాలు తిరిగి, కేసులు నడిచి, చివరికి ఒక ఆర్డరు వచ్చింది. మంజూరైన పోస్టు ఖాళీలో పనిచేస్తున్న వాళ్ళకి పర్మినెంటు వాళ్ళతో సమానంగా రోజు లెక్కన కట్టి ఇవ్వాలని. ఖాళీతో సంబంధం లేకుండా, అవసరం కొద్దీ పెట్టుకున్న వాళ్ళకి పాత కూలీయే. ఈ పంపుహౌసుకి ఉన్నది ఒక్కటే ఖాళీ. పంతొమ్మిదేళ్ళ కిందట ఎవరో చనిపోతే ఏర్పడిన ఖాళీ అది. ఆ వారంలో పనిలో చేరినది పద్మిని గనక, అప్పటి గుమాస్తా ఎవరో ఆ గడిలో ఆమె పేరు రాసేశాడు. అలా రాసిన సంగతి ఇన్నేళ్ళూ ఆమెకే తెలియదు.

జ్వరం తగ్గి డ్యూటీకి వెళ్ళిన రోజున పద్మినికి మనసులో సంతోషమే ఉంది. దాచుకోవడానికేముంది? లంబాలైనులో ఒక్క గది అద్దె ఇల్లు ఆమెది. నెత్తి మీదుగా విమానం దిగినప్పుడల్లా గూట్లో గ్లాసులు గలగలలాడతాయి. ఆమె పెళ్ళి మాట వచ్చిన ప్రతిసారీ అమ్మ జబ్బు అడ్డొచ్చింది. ఆ అమ్మ కూడా పోయి రెండేళ్ళయింది. ఊరందరికీ నీళ్ళు వదిలే మనిషి, డ్యూటీ దిగి వెళ్ళి వీధి కొళాయి దగ్గర బిందెలతో వరసలో నిలబడేది. కొత్త జీతం వస్తే ఒక నల్ల ప్లాస్టిక్ ట్యాంకు కొనుక్కుని ఇంటి వెనకాల పెట్టించుకోవాలని, జ్వరంలోనే నాలుగైదుసార్లు అనుకుంది.

ఆ జీతం వచ్చింది. అబర్డీన్ బజారులో కిలో లడ్డూ కట్టించుకుని పంపుహౌసుకి తీసుకెళ్ళింది. పైడిబాబు పిల్లలకని నాలుగు పొట్లం కట్టుకున్నాడు. యర్రమ్మ ఒకటి చేతిలోకి తీసుకుంది కానీ, పద్మిని షిఫ్టు దిగి వెళ్ళేటప్పటికి కూడా నోట్లో పెట్టుకోలేదు. మర్నాడు పొద్దున్న చూస్తే అది కిటికీలోనే ఉంది, చీమలు పట్టి. జోగులు తనకి సుగర్ అన్నాడు. అతనికి సుగర్ ఉన్నట్టు అంతకుముందు ఎవరికీ తెలియదు.

ఆ పొద్దుటే అతను ఇంకో మాట కూడా అన్నాడు. కుర్చీ ఆమె వైపు జరిపి, "మీరు కూకోండి," అన్నాడు.

పద్మిని నవ్వబోయి ఆగిపోయింది. చేరిన మొదటి రోజు నుంచీ "ఏటే", "ఒలే" అని పిలిచిన మనిషి. మోటారు శబ్దం వింటూ లోపల ఏం జరుగుతోందో చెప్పడం, చేతికి దెబ్బ తగలకుండా వాల్వు తిప్పడం నేర్పినవాడు. ఆమె కూర్చోలేదు. అతను సంచీ భుజాన వేసుకుని దిగిపోయాడు.

వాళ్ళ పంపుహౌసులో ఎగువ కాలనీకి వెళ్ళే లైను వాల్వు ఒకటి ఉంది. పాతది, తుప్పు పట్టినది. పెద్ద ఇనుప చాబీ తగిలించి ఇద్దరు చెరో పక్కా పట్టుకుంటే గాని తిరగదు. పొద్దున్న ఆరింటికి షిఫ్టు మారేటప్పుడు జోగులూ పద్మినీ కలిసి దాన్ని తెరిచేవారు. ఆ తరవాత ఇద్దరూ టీ తాగేవారు. రాత్రి ఏం జరిగిందో అతను చెప్పేవాడు, అమ్మ ఎలా ఉందో ఆమె చెప్పేది. అమ్మ పోయాక కూడా ఆ పావుగంట అలాగే సాగింది. రోజు మొత్తంలో ఆమె ఒక మనిషితో తీరిగ్గా మాట్లాడేది ఆ కాసేపే. ఇప్పుడు జోగులు సరిగ్గా ఆరు కాగానే మెట్లు దిగుతున్నాడు. బస్సు పోతుందంటాడు. బస్సు ఎప్పుడూ ఆరున్నరకే.

పద్మిని ఒంటరిగా ఆ చాబీ పట్టుకుని వేలాడేది. కొన్నాళ్ళు ఎలాగో తిప్పింది. ఒకరోజు అది అసలు కదల్లేదు. పైడిబాబుకి ఫోను చేస్తే ఊళ్ళో లేనన్నాడు. ఎగువ కాలనీకి ఆ పూట నీళ్ళు పోలేదు. తొమ్మిదింటికల్లా జనం వచ్చి పడ్డారు. అంత జీతం తీసుకుంటూ వాల్వు తిప్పలేవా అని ఒకావిడ అడిగింది. పద్మిని జీతం సంగతి కాలనీ వాళ్ళకి ఎవరు చెప్పారో గానీ, ఆ మాట విన్నాక ఆమెకి ఎవరినీ అడగాలనిపించలేదు. మర్నాడు ఆఫీసు నుంచి మెమో వచ్చింది.

మెమోకి జవాబు ఇవ్వడానికి వెళ్ళినప్పుడే అసలు విషయం బయటపడింది. ఆఫీసులో హెడ్డు గుమాస్తా గణేశ్వరరావు, అందరూ బడాబాబు అంటారు. ద్వీపంలోనే పుట్టి పెరిగినవాడు, తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగిస్తాడు. మంచివాడే. మెమో కాగితం పక్కన పడేసి, కూర్చోమని, టైపు చేసిన ఇంకో కాగితం ఆమె ముందు పెట్టాడు. జోగులు వాళ్ళు ముగ్గురూ తమకీ సమాన జీతం కావాలని అర్జీ పెట్టారట. దాని మీద విచారణ ఉందట. ఆఫీసు తరఫున ఇచ్చే సమాధానంలో, పంపుహౌసు నడిపేది పద్మిని అనీ, మిగతా ముగ్గురూ ఆమెకి హెల్పర్లనీ రాశారు. అది నిజమేనని ఆమె సంతకం పెట్టాలి.

"హెల్పర్లేంటి భయ్యా? జోగులన్న నాకు పని నేర్పినాడు," అంది పద్మిని.

"దేఖో దీదీ, ఆ మాట నేను అనలేదు. రిజిస్టర్లు అంటున్నాయి," అన్నాడు గణేశ్వరరావు. బల్ల పక్కన పేర్చి ఉన్న పాత రిజిస్టర్లలోంచి ఒకటి తీసి తెరిచాడు. ఇంకోటి తెరిచాడు. "పంతొమ్మిది సాల్ కా రికార్డు. మూడు షిఫ్టులూ ఒక్కటే హ్యాండ్‌రైటింగు. సంతకం కూడా ఒక్కటే. మిగిలినవాళ్ళు పని చేసినట్టు సబూత్ ఏది?"

పద్మిని ఆ పేజీల మీదికి వంగి చూసింది. అవి తన అక్షరాలే. గుండ్రంగా, వరస తప్పకుండా, కొట్టివేతలు లేకుండా ఉన్నాయి. జోగులుకి అంకెలు వచ్చు గానీ ఆ గళ్ళలో రాయడం రాదు. రాత్రి గంటగంటకీ మీటరు చూసి, మోటారు పక్క గోడ మీద బొగ్గుతో అంకెలు వేసేవాడు. యర్రమ్మా అంతే. పైడిబాబు రాయగలడు, కానీ అతని రాత బాగాలేదని ఒక ఇంజనీరు పేజీ చింపేశాక అతనూ గోడకే దిగాడు. పొద్దున్నే వచ్చి ఆ అంకెలన్నీ రిజిస్టరులోకి ఎక్కించి, కింద సంతకం చేసి, తడిగుడ్డతో గోడ తుడిచేది పద్మిని. ఎవరూ చెయ్యమనలేదు. వాళ్ళకి తిట్లు తప్పుతాయి కదా అని చేసింది. తన రాత బాగుంటుందని జోగులు మెచ్చుకుంటే ఆ చిన్న వయసులో గొప్పగా కూడా అనిపించింది.

ఆ సంగతంతా చెప్పింది. గణేశ్వరరావు విన్నాడు. విని, గొంతు తగ్గించి, తనకి తోచింది చెప్పాడు. నలుగురి పనీ ఒకటేనని ఆమె నోటితో అంటే, ఫైలు ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. వాళ్ళని పైకి తేవచ్చు, లేదా ఆమెనే కిందకి దించి ఇచ్చింది తిరిగి కట్టమనవచ్చు. పైగా చూడని మీటరు చూసినట్టు సంతకం చేసినందుకు తప్పు ఆమె మీదకే వస్తుంది. "నీకు ముందూ వెనకా ఎవరూ లేరు దీదీ. కల్ కో ఏమన్నా అయితే చూసేదెవరు? సోచ్ లో, ఆలోచించుకో," అన్నాడు. సోమవారం దాకా గడువిచ్చాడు.

ఆదివారం పద్మిని బస్సెక్కి ప్రోతరాపూర్ వెళ్ళింది. జోగులు ఇంటికి ఇంతకుముందు పండగలకీ పబ్బాలకీ చాలాసార్లు వెళ్ళింది గానీ, ఈసారి గుమ్మం దగ్గర నిలబడి పిలవాల్సి వచ్చింది. అతని భార్య గురువమ్మ లోపలికి రమ్మని పీట వేసింది. జోగులు వసారాలో వల బాగుచేస్తున్నాడు. తమ్ముడి దోనెకి సంబంధించిన వల అది. తలెత్తి, "రండి," అని మళ్ళీ తల దించాడు.

పద్మిని ఆఫీసు కాగితం సంగతి చెప్పింది. హెల్పరు అన్న మాట దగ్గర జోగులు చేతిలో దారం ఆగింది.

"ఎల్పరా?" అన్నాడు.

"అలాగే రాసినారన్నా."

అతను వలని ఒళ్ళోంచి పక్కకి తోసేశాడు. "గాలివాన్లో కరెంటు పోయి మోటారు మునిగిపోతంటే, మెడలోతు నీల్లలో దిగి దాన్ని ఇప్పినోడు ఎల్పరా? ఎవుడికి ఎల్పరు నాను? అప్పటికి నువ్వు పుట్నేవు ఆ ఉజ్జోగంలో."

"అందుకే సంతకం పెట్టను. ఉన్నదున్నట్టు చెప్తాను."

"సెప్పకు," అన్నాడు జోగులు. కోపంలో మన్నన మాటలు ఎగిరిపోయాయి. "ఎట్టేయ్ సంతకం. నీ జీతం ఇరిగిందంటే ఆ మాట నా మీదికొత్తాది. నాకింకెంత, ఏడాది సర్వీసు. ఏడాది కోసం నీ నోట్లో మట్టి కొట్టమంటావేటి?"

"నా చేత్తో రాసిందే కదా మీకు అడ్డమొచ్చింది."

"ఆ రాత బాగున్నాదని రాయించుకున్నోడిని నానే కదే. నీ తప్పేటున్నాది అందులో?"

ఆ మాట అని అతను లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. గురువమ్మ బస్సు దాకా తోడొచ్చింది. దారిలో, సంచీలో మునగాకు పెడుతూ మెల్లగా అంది. "మాయనకి నీ మీద కోపం నేదమ్మా. ఇరవయ్యారేళ్ళుగా గవర్మెంటు పని సేత్తన్నానని ఊరందరికీ సెప్పుకున్నాడు. ఇప్పుడు మా బంధువులే అడుగుతున్నారు, ఆ పిల్లదానికొచ్చింది, నీకెందుకు రాలేదని. ఏం సెప్పాలో తెలక తలొంచుకుంటన్నాడు."

ఆ సాయంత్రం పద్మిని ఇంటి వెనకాల కొత్త ట్యాంకు పక్కన చాలాసేపు కూర్చుంది. ట్యాంకుకి ఇంకా ఏడు వాయిదాలు కట్టాలి. గణేశ్వరరావు చెప్పిందాంట్లో అబద్ధం ఏమీ లేదు. నిజం చెప్పొద్దని జోగులే అన్నాడు కూడా. సంతకం పెడితే ఆమెని తప్పు పట్టేవాళ్ళు లేరు. అసలు ఆ సంగతి చెప్పుకుని సలహా అడగడానికి కూడా ఎవరూ లేరు. అమ్మ ఉంటే ఏమనేదో ఆలోచించింది. అమ్మ భయస్తురాలు, పెట్టేయమనేదే. నవ్వొచ్చింది. ద్వీపంలో పొద్దు అయిదింటికే గుంకిపోయి దోమలు మొదలయ్యేసరికి లేచి లోపలికి వచ్చింది. జోగులు ముందు సంతకం పెట్టనని అన్నా, నిజంగానే తేల్చుకున్నట్టు ఆమెకి అప్పటికి తెలియదు. మర్నాడు సంతకం లేని కాగితాన్నే గణేశ్వరరావు బల్ల మీద పెట్టినప్పుడు తెలిసింది. అతను తల పంకించి దాన్ని ఫైలులో పెట్టాడు.

విచారణ రోజున పెద్ద గదిలో ముగ్గురు అధికారులు కూర్చున్నారు. బయట బెంచీ మీద ఒక చివర జోగులూ యర్రమ్మా పైడిబాబూ, రెండో చివర పద్మిని. మధ్యలో ఇద్దరు పట్టేంత ఖాళీ. ముందు ఆమెని పిలిచారు. అడగడం హిందీలో అడిగారు, ఆమె హిందీలోనే చెప్పింది. ఆమెకి తెలుగు మాట్లాడటమే గాని రాయడం రాదు, చదివింది హిందీ మీడియం. గోడ సంగతి, బొగ్గు సంగతి, తడిగుడ్డ సంగతి అన్నీ చెప్పింది. ఆ గోడ మీద ఇప్పుడేమన్నా ఆధారం ఉందా అని అడిగారు. రోజూ తుడిచేదాన్ని సార్, ఏమీ లేదు, నేను చెప్పడమే ఆధారం అంది. మధ్యలో కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు తీసి, ఒక్కో మాటా విడదీసి అడిగాడు. అయితే ఆ ముగ్గురికన్నా నువ్వు ఎక్కువ చేసే పని ఒక్కటి కూడా లేదంటావా? ఇది రాసుకుంటే నీకే నష్టం రావచ్చు, తెలుసు కదా?

"తెలుసు సార్. ఎక్కువ పని లేదు. రాయడం ఒక్కటే ఎక్కువ చేశాను, అది నా ఇష్టంతో చేశాను," అంది.

రాసుకున్నారు. ఆమె సంతకం చేసింది. బయటికి వస్తుంటే పైడిబాబు లేచి నిలబడ్డాడు, ఎందుకో అతనికే తెలిసినట్టు లేదు. జోగులు నేల చూస్తున్నాడు. లోపల ఏం చెప్పిందో వాళ్ళకి ఇంకా తెలియదు. ఆగి చెప్పాలనుకుంది గానీ, తరవాతి పేరు పిలిచేశారు. ఒక్కతే బస్సెక్కి వెళ్ళిపోయింది.

నాలుగు నెలలు ఏ కబురూ లేదు. ఆ నాలుగు నెలలూ ఆమెకి కూడా పాత కూలీయే ఇచ్చారు, తేలేదాకా ఆపి ఉంచామన్నారు. ట్యాంకు వాయిదా కోసం చెవి దుద్దులు తీసి తాకట్టు పెట్టింది. విచారణలో ఆమె ఏం చెప్పిందో చెవిన పడ్డాక, పొద్దున్న ఆరింటికి జోగులు మళ్ళీ ఉండడం మొదలుపెట్టాడు. ఇద్దరూ కలిసి వాల్వు తిప్పేవారు, టీ తాగేవారు. విచారణ మాట ఇద్దరూ ఎత్తేవారు కాదు. అతను ఏమేమో చెప్పేవాడు గానీ, ఆమె మొహం మాత్రం చూసేవాడు కాదు. తాను రుణపడ్డ మనిషితో ఎలా కూర్చోవాలో అతనికి చేతకాలేదు. అలా కూర్చునే మనిషితో ఏం మాట్లాడాలో ఆమెకీ చేతకాలేదు.

అయిదో నెలలో ఆర్డరు వచ్చింది. నలుగురి పనీ ఒకటేనని తేల్చారు. ముగ్గురికీ ఆర్డరు వచ్చిన తేదీ నుంచి కొత్త జీతం, వెనకటి బకాయిలు ఉండవు. పద్మినికి ఆపినది విడుదల చేశారు. అదే కవరులో ఆమె పేరు మీద ఇంకో కాగితం ఉంది. తాను చూడని రీడింగులకి సంతకం చేసినందుకు గట్టి హెచ్చరిక, మరుసటి సోమవారం నుంచి కొండ మీది నీళ్ళ ట్యాంకుకి బదిలీ.

యర్రమ్మ ఆ కాగితం పట్టుకుని ఏడ్చింది. పైడిబాబు ఆఫీసుకి వెళ్ళి గొడవ పెడతానన్నాడు. పద్మినే వద్దంది. జోగులు సోమవారం పొద్దున్నే రాత్రి డ్యూటీ దిగి, ఇంటికి వెళ్ళకుండా, ఆమెతో పాటు రెండు బస్సులు మారి కొండ దాకా వచ్చాడు. ట్యాంకు చుట్టూ తిరిగాడు. అక్కడి వాల్వు ఒంటి చేత్తో తిప్పి చూసి, "ఇది తేలికేలే. నువ్వొక్కదానివే తిప్పుకుంటావు," అన్నాడు. ఆమె ఉండే గది తలుపు తాళం సరిగ్గా పడుతుందో లేదో కూడా చూశాడు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఆగి, "నాను వద్దన్నాను," అన్నాడు. "ఊ," అంది పద్మిని. అంతకన్నా అతను అనగలిగేది లేదని ఆమెకి తెలుసు.

కొండ మీద కూడా షిఫ్టుకి ఒక్కరే, కానీ ఇక్కడికి నిలదీయడానికైనా జనం రారు. చుట్టూ పొడుగాటి చెట్లు, దూరంగా సముద్రం ముక్క, వాన పడితే అదీ లేదు. వచ్చేవాడు వచ్చి తాళంచెవి తీసుకుంటాడు, దిగేవాడు దిగిపోతాడు. టీ పోసుకున్నప్పుడు పక్కన ఇంకో గ్లాసు చప్పుడు ఉండదు. మొదట్లో పద్మిని ఫోనులో పాటలు పెట్టుకునేది, తరవాత అదీ మానేసింది. చెప్పినదాని గురించి ఆమె ఒక్కరోజు కూడా బాధపడలేదు. కానీ ఎనిమిది గంటలు మనిషి గొంతు వినకుండా ఉండటం మాత్రం అలవాటు కాలేదు.

జోగులు పదవీ విరమణ రోజున పంపుహౌసులో భోజనాలు పెట్టుకున్నారు. పద్మిని వారం ముందే సెలవు అడిగింది. బదులు మనిషి లేడన్నారు. మధ్యాహ్నం యర్రమ్మ ఫోను చేసి, ఒకరి తరవాత ఒకరికి ఇచ్చింది. పైడిబాబు దండ ఎలా వేశారో చెప్పాడు. గురువమ్మ కూర నీకు తీసి ఉంచానంది. చివర్న జోగులు ఫోను అందుకున్నాడు.

"ఏటే," అన్నాడు.

"తిన్నావా అన్నా?"

"తిన్నాను. నువ్వో?"

"ఇప్పుడే."

వెనకాల అందరి మాటలూ వినిపిస్తున్నాయి. అతను ఇంకేదో మొదలుపెట్టాడు, సగంలో సిగ్నలు పోయింది. పద్మిని ఫోను ఎత్తి పట్టుకుని గేటు దాకా నడిచింది, అక్కడ ఒక్కోసారి అందుతుంది. కాసేపు నిలబడింది. మళ్ళీ మోగలేదు. రెండు కావస్తోంది, షిఫ్టు మారే మనిషి దిగువన మెట్లెక్కుతూ కనిపించాడు. తాళంచెవి చేతిలో పట్టుకుని, అతనికి ఎదురు దిగింది.